ఏడో పక్కటెముక

ముందు వినిపించింది తలుపు కొట్టిన చప్పుడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. ఆ చప్పుడు లోపలి నుంచి వచ్చింది.

బయట బెంచీ మీద ఏడుగురం కూర్చుని ఉన్నాం. బయటివాళ్లు తలుపు కొట్టడం తెలుసు గానీ, గడియ తన చేతిలోనే ఉన్న మనిషి లోపలి నుంచి కొట్టడం నాకు కొత్త. పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. తలుపు జానెడు తెరుచుకుంది. పుల్లటి మందు వాసన ముందు వచ్చింది. తరవాత, నీళ్లు కారుతున్న ఫిల్మును అంచుతో పట్టుకున్న చెయ్యి వచ్చింది. అటుపిమ్మటే ఆమె వచ్చింది.

వెలుతురులోకి వచ్చిన వాళ్లు కళ్లు చిట్లిస్తారు. ఆమె భుజాలు కూడా ముడుచుకున్నాయి, ఎవరో నీళ్లు చల్లినట్టు. మా ఏడుగురిలో ఒక్కరి ముఖం వైపూ చూడలేదు. ఫిల్ము వైపు చూసి, "నూట పద్నాలుగు ఎవరండీ? మీరేనా? ఇంకాసేపు ఆరాలి" అంది, గోడతో చెబుతున్నట్టుగా.

ఆసుపత్రిలో అందరూ ఆమెను చీకటక్క అనేవాళ్లు. పదహారేళ్లు ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన మనిషి. ఆ తలుపు కొట్టడం ఆమె మేనమామ నేర్పిన అలవాటు. "నేను వస్తున్నాను, లోపల పని అయిపోయింది, ఇక వెలుతురు రావచ్చు" అని దాని అర్థం. ఫిల్ములు పోయి, డార్క్‌రూమ్ పోయి, ఆ గదికి కిటికీ పెట్టించాక కూడా ఆమె బయటికి రాబోయే ముందు తలుపు కొట్టేది. కొత్తగా వచ్చిన నర్సులు నవ్వేవాళ్లు. కొట్టకుండా తెరవడానికి తనకి చెయ్యి రాదని, ఏళ్ల తరవాత ఆమె కథ రాసుకోవడానికి వెళ్లిన నాతో చెప్పింది.

మేనమామకి ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో తెర, కుర్చీ, దువ్వెన, పౌడరు డబ్బా. వెనక రెండు మంచాలు పట్టేంత చీకటి గది. పదకొండేళ్ల వయసులో మొదటిసారి ఆ గదిలోకి వెళ్లినప్పుడు ఆమె ఏడ్చింది. మామయ్య కనబడలేదు, ఆయన గొంతు మాత్రం ఎక్కడో పైనుంచి వచ్చింది.

"ఏడవకే పిచ్చిపిల్లా. చీకటి మనల్ని ఏమీ చెయ్యదు. నువ్వు భయపడాల్సింది వెలుతురుకి."

ఆ మాట ఎంత నిజమో ఆమెకి మరుసటి ఏడాది తెలిసింది. మామయ్య లోపల పెళ్లి ఫిల్ము విప్పుతుంటే, అన్నానికి పిలవడానికి వెళ్లి తలుపు తోసింది. రెప్పపాటు వెలుతురుకే ఫిల్మంతా పాడైపోయింది. మామయ్య కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో ఫిల్ముతో స్టూలు మీద కూర్చుండిపోయాడు. సాయంత్రం పెళ్లివారు వచ్చి అడిగితే ఆయన చెప్పిన సమాధానం ఆమెకి వినబడలేదు గానీ, పెళ్లికూతురి తల్లి ఏడుపు వినబడింది. అప్పటినుంచి గుమ్మం కింద సన్నటి వెలుగు గీత కనబడితే చాలు, ఆమె చేతిలో పని వదిలేసి లేచేది. పాత చీర పీలికలు తెచ్చి ఆ సందులో కుక్కేది. ఆ పని చేసే వేళ్లకి భయం పోలేదు. కానీ ఆ భయంతోనే అవి ఎంతో నేర్చాయి. ఫిల్ముకి ఏది నున్నటి వైపో, ఏది గరుకు వైపో, ఎంత చల్లగా ఉంటే నీళ్లు మార్చాలో, అన్నీ.

ఆసుపత్రివాళ్లు ఆమెకి పెట్టిన పరీక్ష కూడా అదే. చీకటి గదిలో పెట్టి తలుపు మూసి, క్యాసెట్లో ఫిల్ము ఎక్కించమన్నారు. క్యాసెట్టంటే ఫిల్మును పొదిగి పెట్టే పలచటి ఇనప పెట్టె, పెద్ద పలకంత ఉంటుంది. ఆమె ఎక్కించి బయటికి వచ్చేలోగా బయటున్నవాళ్లకి సిగరెట్టు సగం కూడా కాలలేదట.

ఆమె ఉద్యోగంలో చేరిన ఆరేడేళ్లకి మామయ్య స్టూడియో పోయింది. చివర్లో ఆయన కూడా డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాడు. వెనకవైపు బొమ్మ వెంటనే కనబడుతుంటే దాని మీద నల్లగుడ్డ కప్పేవాడు, ఎండ తగిలి పాడవుతుందేమోనని. పెళ్లిళ్లలో జనం నవ్వారు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు.

"మన దగ్గరికి రాదులే అది" అన్నాడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆయన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి" అని అరుస్తుంటాడు గనక ఆయన్ని ఊపిరి మాస్టారు అంటారు. "పెళ్లి ఫోటోలంటే ముఖాలు. ఎముకల ఫోటో ఎవడు డిజిటల్లో తీస్తాడు చెప్పు."

ఆమె నమ్మింది. ఎముకలంటే ఆమెకి ఉద్యోగం మాత్రమే కాదు. లోపల కూర్చునే మనిషికి రోగుల ముఖాలు కనబడవు. గోడలో చిన్న కిటికీలోంచి క్యాసెట్టు వస్తుంది. ఆమె ఫిల్ము తీసి, మందులో ముంచి, ఫిల్ముని పాడుచెయ్యని ఎర్ర దీపం కింద నిలబడుతుంది. బూడిదరంగులోంచి ముందు భుజాలు తేలతాయి, తరవాత పక్కటెముకలు, మధ్యలో గుండె నీడ. అలా పదహారేళ్లలో ఊళ్లో సగం మందిని ఆమె లోపలి నుంచి చూసింది. బజారులో ఎదురొచ్చి పలకరిస్తే గుర్తుపట్టేది కాదు. అదే మనిషి ఫిల్ము రెండోసారి వస్తే, "ఈయన నాలుగేళ్ల కిందట వచ్చాడు, మెడ ఎముక వంకర" అని చెప్పేది.

ఆమె భర్త మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. ఒకసారి స్కూటరు మీంచి పడితే ఎక్స్‌రే తీశారు. దాని గురించి ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకి చెబుతాడు. "పెళ్లయిన రెండేళ్లకి మా ఆవిడ నన్ను మొదటిసారి మెచ్చుకుందండీ. ఏమందో తెలుసా? 'ఏమండీ, మీ వెన్నుపూస ఎంత చక్కగా ఉందో' అంది."

అత్తగారు ఆ పక్కనే కూర్చుని ఉంటుంది. "గబ్బిలాన్ని చేసుకుంటే అంతేరా. ఇంకా నయం, పుర్రె బాగుందనలేదు."

ఆమె నవ్వేది. ఆ ఇల్లు రెండు గదులు. వెనక గదిలో బల్బు నలభై క్యాండిళ్లది, అంతకన్నా ఎక్కువది ఆమె పెట్టనివ్వలేదు.

ఆసుపత్రికీ డిజిటల్ మిషను వచ్చింది. దానితోపాటు కంపెనీ మనిషి వచ్చాడు, నడివయసువాడు, ఓపికగా మాట్లాడతాడు. గోడ పగలగొట్టించి కిటికీ పెట్టించారు. మందు తొట్టెలు బయట పడేశారు. అవి పెరట్లో బోర్లా పడుంటే ఆమె అటు వెళ్లలేకపోయింది.

"ఇక చీకటి అక్కర్లేదమ్మా. క్యాసెట్టుని ఈ నోట్లో పెట్టండి, అదే చదువుకుంటుంది. పెట్టేముందు కంప్యూటర్లో ఈ పేర్ల పట్టీలో రోగి పేరు మీద నొక్కండి. అంతే."

"అంతేనా?"

"అంతే. ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. కొత్తగా వచ్చిన పేరు పైన చేరుతుంది. ముందొచ్చిన పేరు కిందికి దిగుతుంది."

ఆమె తల ఊపింది. పాత పద్ధతిలో ముందొచ్చిన చీటీ పైన ఉండేది. ముందొచ్చిన ఫిల్ము ఎడమ చివర కొక్కేనికి వేలాడేది. కానీ అసలు రక్షణ అది కాదు. పాత పద్ధతిలో ప్రతి రోగికీ ఒక సంఖ్య ఉండేది. సీసంతో చేసిన చిన్న అంకెలు క్యాసెట్టు మూలన అంటించేవాళ్లు. ఎముకలతో పాటు ఆ అంకెలు కూడా ఫిల్ము మీద తెల్లగా పడేవి. బొమ్మనీ సంఖ్యనీ ఎవరూ విడదీయలేరు.

"మరి ఇవో?" అని ఆమె అంకెల డబ్బా చూపించింది.

"ఎందుకమ్మా, పేరు కంప్యూటరే రాస్తుంది కదా" అన్నాడు ఆయన. ఎంతో మర్యాదగా అన్నాడు.

పెద్ద డాక్టరు ఆమెని పిలిచి మూడు నెలలు చూస్తామన్నాడు. నేర్చుకుంటే ఉండొచ్చు. ఏదైనా పొరపాటు జరిగితే మాత్రం ఆ కుర్చీలో చదువుకున్న మనిషిని కూర్చోబెడతారు.

పదకొండు రోజులు ఆమె ఒక్క పొరపాటు చెయ్యలేదు. పేరు మీద నొక్కేముందు మూడుసార్లు చదివేది. ఇంటికొచ్చాక కళ్లు మూసుకుంటే పట్టీ కనబడేది, పేర్లు కిందికి దిగుతూ. ఆమెకి ఆ మిషను కన్నా కిటికీ అంటేనే ఎక్కువ భయం. ఎండ బల్ల మీద పాకుతుంటే, క్యాసెట్ల దగ్గరికి వచ్చేస్తుంటే, ఏమీ కాదని తెలిసినా వాటిని వెనక్కి జరిపేది. క్యాసెట్టు మూసి ఉంటే వెలుతురు లోపలికి పోదు. అది పాత రోజుల్లో కూడా పోదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులకే ఎవరైనా చెప్పాలి.

పన్నెండో రోజు పొద్దున్న ఊపిరి మాస్టారు రెండు క్యాసెట్లు ఒకేసారి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ముందు పెద్దాయనది, తరవాత కుర్రాడిది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఇద్దరివీ ఛాతీ ఫోటోలే. పెద్దాయన గోడలకి రంగులు వేసేవాడు, నెలనుంచి దగ్గుతున్నాడు. కుర్రాడికి కండక్టరు ఉద్యోగం వచ్చింది, ఆరోగ్యం బాగుందని కాగితం కావాలి.

అప్పుడే గాలికి కిటికీ తెర పక్కకి జరిగింది. ఎండ పట్టీ ఒకటి బల్ల మీద పడి, పై క్యాసెట్టు అంచుని తాకింది.

ఆమె లేచింది. క్యాసెట్లని రెండు చేతులా ఒళ్లోకి లాక్కుంది, పొయ్యి మీంచి ఉడికే గిన్నె దించినట్టు. వెళ్లి తెర లాగి, అంచులు గోడకేసి నొక్కి వచ్చి కూర్చుంది. గది కాస్త చీకటైంది. ఆ మసకలో పదహారేళ్ల చేతులు తమ పని తాము చేసుకున్నాయి. మొదటి క్యాసెట్టుకి పైపేరు. రెండో క్యాసెట్టుకి కిందిపేరు. ఆ ఒక్కసారికి ఆమె పేర్లు చదవలేదు.

ఏమీ జరగలేదు. మిషను చిన్నగా మూలిగి రెండు ఫోటోలూ చూపించింది. పై అంతస్తులో పెద్ద డాక్టరు తన కంప్యూటర్లో వాటిని చూసి రిపోర్టులు రాశాడు. రంగులాయన కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లాడు. కుర్రాడు కాగితం పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు.

మూడో రోజు కుర్రాడు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. భార్యే మాట్లాడింది.

"అక్కా, ఈయన ఊపిరితిత్తిలో మచ్చ ఉందంటున్నారు. ఉద్యోగం ఇవ్వరంట. ఈయన గురక పెడతాడక్కా, ఇల్లు అదిరిపోయేలా పెడతాడు. దగ్గడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఇంకోసారి తీయండి."

"డాక్టరుగారు రాయాలమ్మా."

"ఒకసారి ఫోటో చూడండక్కా. మీరు చూడగానే చెప్పేస్తారంట కదా, అందరూ అంటున్నారు."

చూడకపోతే బాగుండేదని ఆమె నాతో ఒకసారి అంది. వెంటనే, "కాదు, అలా రాయకండి" అంది.

కంప్యూటరు తెర మీద కుర్రాడి పేరు నొక్కింది. ఫోటో వచ్చింది. కుడివైపు పైన మబ్బులాంటి మచ్చ ఉంది. ఆమె చూపు అక్కడ ఆగలేదు. ఎడమవైపుకి జారింది. పైనుంచి లెక్కపెడితే ఏడో పక్కటెముక, అంచు దగ్గర, చెరకు గెడ కణుపులా ఉబ్బి ఉంది. ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక. దాన్ని ఆమె చూసింది. ఎర్ర దీపం కింద, తడిగా, తన చేతుల్లో చూసింది.

"బాబూ, నువ్వెప్పుడైనా నిచ్చెన మీంచి పడ్డావా?"

"నిచ్చెనా? నేనా? లేదండీ."

"పక్కటెముక విరిగిందా ఎప్పుడైనా?"

"ఈయన ఎముక విరిగితే ఊరంతా తెలిసేది అక్కా" అంది భార్య. "ముల్లు గుచ్చుకుంటేనే మూడు రోజులు పడుకుంటాడు."

ఆమె మంచినీళ్లు తాగుదామని లేచింది. గ్లాసు ఎక్కడుందో కనబడలేదు. ఇదే గది, పదహారేళ్లు తను కళ్లు మూసుకుని తిరిగిన గది, బల్ల ఎక్కడుందో కూడా తెలియలేదు.

ఊపిరి మాస్టారుని వరండాలోకి పిలిచి, ఇద్దరి ఫోటోలూ తారుమారయ్యాయని చెప్పింది. ఆయన ముందు నవ్వాడు, తరవాత నవ్వలేదు.

"ఎముకని చూసి మనిషిని చెబుతావా? జడ్జీ ముందు కూడా చెల్లదు అది."

"నాకు తెలుసు మాస్టారూ."

"సరే, తెలుసు. ఇప్పుడేం చేద్దాం? ఈ కుర్రాడికి ఇంకోటి తీద్దాం. బాగుంటుంది. మిషను కొత్తది, మొదటిసారి తప్పు చూపించిందందాం. వాడి ఉద్యోగం వాడికొస్తుంది, నీ ఉద్యోగం నీకుంటుంది. ఎవరికీ తెలీదు."

"ఆయనకో?"

"ఎవరికి?"

"రంగులాయనకి. ఏమీ లేదని రాసిచ్చాం."

మాస్టారు కాసేపు పెరట్లో బోర్లా పడున్న తొట్టెల వైపు చూశాడు. "దగ్గు తగ్గకపోతే ఆయనే వస్తాడులే" అన్నాడు. తన మాట తనకే నచ్చనట్టు ఇంకోసారి అన్నాడు, "వస్తాడులే."

ఆమె పాత ఫిల్ముల గదికి వెళ్లింది. ఫిల్ముల్లో వెండి ఉంటుంది గనక వాటిని కొనేవాడికి ఇచ్చేస్తున్నారు. సగం అరలు ఖాళీ, మిగతావి గోనెసంచుల్లో మూతులు కట్టి ఉన్నాయి. ఆమె మూడు సంచులు విప్పింది. నేల మీద కూర్చుని ఒక్కొక్క కవరూ తీసి, ఫిల్ము బయటికి లాగి, ట్యూబులైటుకి ఎత్తి చూసింది. పేర్లు చూడలేదు. రంగులాయన పేరున్నవాళ్లు ఊళ్లో పదిమంది ఉంటారు. ఎడమవైపు, పైనుంచి ఏడోది. కాదు. ఇంకోటి. కాదు. మోకాళ్ల చుట్టూ పక్కటెముకలు పోగుపడ్డాయి. మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక, నాలుగో సంచిలో దొరికింది. ఆరేళ్ల కిందటి ఫిల్ము. అప్పటికింకా విరుగు పచ్చిగా ఉంది, రెండు ముక్కల మధ్య వెంట్రుకంత నల్లగీత. కవరు మీద తన చేతిరాతతోనే పేరు, రంగుల పని, నిచ్చెన మీంచి పడ్డాడని, వీధి, ఇంటి నంబరు.

ఆ కవరు పట్టుకుని మెట్లెక్కింది. పదిహేడు మెట్లు. ఎనిమిదో మెట్టు మీద కూర్చుందట. ఇంటి సంగతి గుర్తొచ్చింది, అమ్మాయి చదువు, భర్తకి వర్షాకాలంలో పని ఉండదు. మళ్లీ లేచింది.

పెద్ద డాక్టరు ఫిల్మునీ తెర మీది ఫోటోనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ మనిషి నీకు తెలుసా?"

"తెలీదు సార్. ముఖం ఎప్పుడూ చూళ్లేదు."

"ఎముక తెలుసు."

"ఆ ఎముక తెలుసు సార్."

"ఎలా మారాయి?"

"నేనే మార్చాను సార్. ఎండ పడింది. లేచాను. చెయ్యి పాత వరసలో పోయింది."

ఎండకీ దీనికీ ఏమిటి సంబంధమని ఆయన అడుగుతాడనుకుంది. అడగలేదు. ఆయన ఫిల్ము రోజుల మనిషే.

"ఇది అంటుకునే జబ్బయి ఉండొచ్చు. ఆరు నెలలు మందు వాడితే పోతుంది. వాడకపోతే..." అని ఆగి, కళ్లజోడు తీశాడు. "ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ మనిషిని తీసుకురా."

కుర్రాడికి మళ్లీ ఫోటో తీశారు. శుభ్రంగా ఉంది. భార్య ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ముందు నిలబడలేక ఆమె బయటపడింది.

కొత్త పద్ధతిలో రాసుకున్న ఫోన్ నంబరుకి ఎన్నిసార్లు చేసినా పలకలేదు. కవరు మీది చిరునామా పట్టుకుని నడిచింది. వరసగా ఆరు గదుల ఇల్లు, మూడో గదికి తాళం. ఇంటి యజమానురాలు గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"రంగులాయనా? పోయినేడే ఖాళీ చేశాడుగా. భార్య పోయాక ఇక్కడ ఉండలేకపోయాడు. కూతురొక్కతే. ఎనిమిదేళ్లుంటాయేమో. నువ్వెవరివి, చుట్టానివా?"

"కాదండీ. ఆసుపత్రి నుంచి."

ఆ మాటకి యజమానురాలి చెయ్యి చేటలోనే ఆగిపోయింది. "ఏమైందమ్మా ఆయనకి?"

"ఏమీ కాలేదు" అంది ఆమె. ఆ రోజంతటిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

రంగుల కొట్టులో అడగమని ఆవిడే చెప్పింది. కొట్టాయన డబ్బా మీద డబ్బా పేరుస్తూ, తల తిప్పకుండా మాట్లాడాడు.

"నిన్న పొద్దున్నే వెళ్లిపోయాడండీ. చాలా రోజుల్నించి ఓ పెద్ద పని రమ్మంటోంది, ఎక్కడో హోటలంట, పది అంతస్తులది. ఈయనేమో దగ్గుతున్నాను, ఏం జబ్బో ఏమో, పిల్లని అంత దూరం ఎలా తీసుకుపోను అని వాయిదా వేస్తున్నాడు. నేనే పోరాను, ఓసారి ఫోటో తీయించుకోవయ్యా మగడా, అనుమానం తీరిపోతుంది అని. తీరిపోయింది. మొన్న సాయంత్రం వచ్చి కాగితం చూపించాడు, ఏమీ లేదట. ఆ సంతోషంలో నా చేత కూడా టీ తాగించాడు. పొద్దున్నే పిల్లని తీసుకుని బస్సెక్కేశాడు."

"ఏ ఊరు?"

"ఆయన చెప్పలేదు, నేనడగలేదు. మేస్త్రీ ఎవరో కూడా తెలీదు. ఎందుకండీ?"

ఆమె బస్టాండు వైపు పరుగెత్తింది. నిన్న పొద్దున్న వెళ్లిన బస్సు కోసం ఇవాళ మధ్యాహ్నం పరుగెత్తడం ఎంత పిచ్చిపనో తెలియక కాదు. కాళ్లు ఆగలేదు.

బస్టాండు నిండా మనుషులు. మూటల మీద కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు, కిటికీల్లోంచి తొంగిచూస్తున్నవాళ్లు. ఆమె మగవాళ్ల గోళ్లు చూసింది, రంగు అంటుకుని ఉందేమోనని. ఎవరు దగ్గినా అటు తిరిగింది. ముఖం చూస్తే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగలిగినది చొక్కాల వెనక ఉంది. అన్ని చొక్కాలకీ గుండీలు పెట్టి ఉన్నాయి. అంత వెలుతురులో, అంతమంది మధ్య, ఆమెకి ఎవరూ కనబడలేదు. మూసిన క్యాసెట్లు వందలకొద్దీ కదులుతున్నట్టుగా ఉంది. చీకటి గది ఒక్కటి ఉంటే, అందరినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలవగలిగితే, క్షణంలో చెప్పేసేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. అత్తగారు ఆమె ముఖం చూసి ఏ వేళాకోళమూ ఆడలేదు. "ఏం చేశావే?" అంది మెల్లిగా.

"ఒక చిన్నపిల్ల పక్కన జబ్బుని పడుకోబెట్టి వచ్చానత్తయ్యా."

పెద్ద డాక్టరు అన్ని ఆసుపత్రులకీ ఉత్తరాలు రాశాడు. ఫోన్ నంబరుకి రోజూ చేశారు, తరవాత ఆ నంబరు వేరేవాళ్లకి వెళ్లింది. రంగుల కొట్టాయన తన దగ్గరికొచ్చే ప్రతి మేస్త్రీనీ అడిగాడు. మిషను వచ్చినప్పటినుంచి తీసిన ఫోటోలన్నీ ఆమెకే మళ్లీ చూపించారు. అనుమానం ఉన్నవాళ్లని పిలిపించి మళ్లీ తీశారు. ఒక్కటీ మారలేదు. ఆ ఒక్క పొద్దున్న, ఆ రెండే.

ఆమెని తీసెయ్యలేదు. తప్పు ఒప్పుకుందని ఒక కాగితం రాయించుకుని ఫైల్లో పెట్టారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె అంటుంది. ఆమె అడిగింది ఒక్కటే, సీసం అంకెల డబ్బా. కంపెనీ మనిషి మళ్లీ వచ్చినప్పుడు, ఇంత కొత్త మిషను మీద ఈ పాత అంకెలేమిటని విడ్డూరపోయాడు. పెద్ద డాక్టరు, "ఉండనివ్వండి" అన్నాడు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో తీసే ప్రతి ఫోటోలోనూ, కంప్యూటరు రాసిన పేరుతో పాటు, ఎముకల పక్కన తెల్లటి అంకెలు పడతాయి. ఊపిరి మాస్టారే వాటిని అంటిస్తాడు. రోగి పేరు ఆయన ఒకసారి అడుగుతాడు, ఆమె ఇంకోసారి అడుగుతుంది.

ఇదంతా జరిగి ఏడాదిన్నర. సెలవు రోజుల్లో ఆమె బస్సెక్కి ఏదో ఒక ఊరు వెళ్తుంది. కొత్తగా కడుతున్న ఎత్తయిన భవనం ఎక్కడ కనబడినా దిగుతుంది. పరంజాల కింద నిలబడి, పైన రంగులు వేస్తున్నవాళ్లని మెడ నొప్పెట్టేదాకా చూస్తుంది. భర్త మొదట్లో వద్దన్నాడు. ఇప్పుడు టిఫిన్ డబ్బా కట్టి తనూ వెంట వస్తున్నాడు. ఒకసారి, "దొరికితే ఏమని చెబుతావు?" అని అడిగాడట. దొరకకపోతే ఏమవుతుందో అయితే ఆమె నెలలు లెక్కపెట్టి చెప్పగలదు. మచ్చ ఇప్పటికి ఎంత పెరిగి ఉంటుందో ఆమెకి తెలుసు. ఎప్పుడైనా నిద్రలో ఆ ఫోటో వస్తుందట. దాని పక్కనే ఇంకొకటి, చిన్నది, ఎనిమిదేళ్ల పక్కటెముకలు. రెండో ఫోటోని ఆమె చూడదు. చూసేలోగా లేచి కూర్చుంటుంది.

నేను సెలవు తీసుకునేటప్పుడు ఆమె గేటుదాకా వచ్చింది. ఎండగా ఉంది. చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, మొదటిసారి నా ముఖం వైపు చూసి అంది:

"మీరు నాలుగూళ్లూ తిరుగుతారు కదండీ. ఎక్కడైనా గోడకి రంగు వేస్తూ దగ్గే మనిషి కనబడితే, పక్కన ఆడపిల్ల ఉంటే, ఒక్క నిమిషం ఆగండి. ముందు పేరు అడక్కండి, పోలీసులనుకుని వెళ్లిపోతాడేమో. ఎడమవైపు, పైనుంచి ఏడోది. కంటికి కనబడదు, వేలికి తగులుతుంది. చొక్కా ఎత్తమని ఎలా అడుగుతారో నాకు తెలీదండీ. అడగండి."